పద్మినీ వల్లభుడు

సముద్రం పక్కనున్న ప్రతి ఊళ్ళోనూ ఇలాంటి పెద్దమనిషి ఒకరుంటారు. విశాఖపట్నంలో అయితే వీధికొకరు. చేసిన ఉద్యోగం పోర్టులోనో, షిప్‌యార్డులోనో, ఉక్కు ఫ్యాక్టరీలోనో అయి ఉంటుంది. సర్వీసంతా జీతం తీసుకుని ఇనుముతో వేగి, రిటైరయ్యాక జీతం లేకుండా అదే పని ఇంటిదగ్గర మొదలుపెట్టిన మనిషన్నమాట. ఆయనకొక ప్రీమియర్ పద్మిని కారుంటుంది. అందుకే కాలనీ కుర్రాళ్ళు పద్మినీ వల్లభుడు అని పేరు పెట్టారు. ఇంటావిడ మాత్రం ఆ బండిని పేరుపెట్టి పిలవదు. “అది” అంటుంది.

ఉదయం పూట వెళితే ఆయన ముఖం కనబడదు. కారు కింద పాత పేపర్లు పరుచుకుని పడుకుంటారు కాబట్టి పాదాలు మాత్రమే దర్శనమిస్తాయి. పాలవాడు, ఇస్త్రీ అబ్బాయి, శుభలేఖ పట్టుకొచ్చిన బంధువులు అందరూ ఆ పాదాలతోనే మాట్లాడి వెళ్ళిపోతారు. కిందనుంచి గరగరమని వైర్‌బ్రష్ చప్పుడు వస్తుంటే “ఊఁ” అన్నట్టు లెక్క.

జేబులో ఎప్పుడూ రెండుంటాయి: ఒక స్క్రూడ్రైవరు, ఒక అయస్కాంతం. అయస్కాంతం ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీది బొమ్మనుంచి ఊడబెరికింది. ఇనుమున్న చోట అతుక్కుంటుంది, రేకును తుప్పు తినేస్తే లప్పం పూసిన చోట జారిపోతుంది. ఈ పరీక్ష సొంత కారుకే పరిమితమైతే గొడవే లేదు. మేనకోడల్ని చూసుకోవడానికి అబ్బాయివాళ్ళు తెల్ల కారులో వచ్చారు. లోపల అందరూ స్వీటూ హాటూ తింటుంటే ఈయన వాకిట్లో కారు చుట్టూ ప్రదక్షిణం చేశారు. ఎడమవైపు వెనక తలుపు దగ్గర అయస్కాంతం టక్కున రాలిపడింది. లోపలికొచ్చి, “బావగారూ, కుర్రాడు బుద్ధిమంతుడే గానీ, కారుకి ఎడమపక్క అంతా లప్పమే. యాక్సిడెంటు సంగతి అడగండి” అన్నారు. చెవిలో చెప్పాననుకున్నారు గానీ హాలంతా విన్నది. స్నేహితుడు తీసుకెళ్ళి కల్వర్టుకి గుద్దేశాడని పెళ్ళికొడుకు ఒప్పుకున్నాడు. పెళ్ళయితే అయింది గానీ, అల్లుడు ఆ ఇంటికి ఇప్పటికీ బస్సులోనే వస్తాడు.

ఆయనకు లప్పం అంటే ఒళ్ళు మంట. టింకరింగ్ షెడ్డువాడు, “అంత బాధెందుకు బాబూ, పైపైన గీకి లప్పం పెట్టి రంగు కొట్టేత్తాను, కొత్త బండిలాగుంటాది” అన్నాడని ఆ వీధిలో నడవడమే మానేశారు. చాదస్తం వేరు, అబద్ధం వేరు. ఈ విషయంలో ఆయన చెప్పేది అక్షరాలా నిజం. తుప్పు ఆగాలంటే నీరూ గాలీ ఇనుమును చేరకూడదు. ఉప్పుగాలి తగిలితే ఆ పని మరీ జోరందుకుంటుంది. లప్పం తేమను పీల్చుకుంటుంది. అడుగున మిగిలిన తుప్పు లోలోపల పెరుగుతూనే ఉంటుంది. అది తినేసిన ఇనుము కన్నా ఎక్కువ చోటు కావాలి దానికి. అందుకే రంగును పైకి లేపి పొక్కులా కనబడుతుంది. పొక్కు కనబడిందంటే లోపల కథ ఎప్పుడో మొదలైందని అర్థం. పైగా పద్మినికి విడిగా ఛాసీ లేదు, బాడీయే ఛాసీ. తలుపుల కింద పొడుగునా ఉండే బోలు రేకు తుప్పుపట్టిందంటే పోయేది అందం కాదు, బలం. జాకీ పెడితే బండి లేవదు, జాకీయే బండిలోకి వెళుతుంది.

అందుకని ఆయన పద్ధతి ఆయనది. ముందు పొక్కును స్క్రూడ్రైవరుతో పొడుస్తారు. మొన లోపలికి దిగిపోతే ఆ ముక్క కోసి కొత్త రేకు వెల్డింగ్ చేయించాల్సిందే. దిగకపోతే వైర్‌బ్రష్‌తో, ఎనభై నంబరు ఎమిరీ కాగితంతో ఇనుము తెల్లగా మెరిసేదాకా రుద్దుతారు. గుంటల్లో మిగిలిన ఎర్రటి చుక్కల మీద ఫాస్ఫారిక్ ఆమ్లం ఉన్న ద్రావకం కుంచెతో అద్దుతారు. అవి చూస్తుండగానే నల్లబడతాయి. అప్పుడాయన ముఖంలో వెలుగు చూడాలి, మనవడు పుట్టినప్పుడు కూడా అంత లేదట. ఆరాక థిన్నరుతో తుడిచి ఆ రోజే ప్రైమరు వేయాలి. విశాఖలో రేకును రాత్రంతా ఒట్టిగా వదిలితే తెల్లారేసరికి మళ్ళీ నారింజ రంగు తిరుగుతుంది.

ప్రైమరంటే రెడ్ ఆక్సైడ్. దాని డబ్బా మీద రాసింది చదివి ఇంటావిడ ఒకసారి గట్టిగా పట్టుకుంది.

“ఏవండీ, ఇందులో ఐరన్ ఆక్సైడ్ అని ఉంది. తుప్పన్నా అదే కదా? పొద్దుటినుంచీ తుప్పు గీకి సాయంత్రం తుప్పే పూస్తున్నారా?”

ఆయన కాసేపు ఆలోచించి, “అది చదువుకున్న తుప్పే” అన్నారు. మాట దాటేసినట్టుంది గానీ అందులోనూ నిజముంది. ఆ పొడి రంగు జిగురులో బందీ అయి ఉంటుంది, ఇంకే ఇనుమునూ తినదు.

ఈ ఫాస్ఫారిక్ పిచ్చి ఢిల్లీలో అంటుకుంది. కొడుకు అందర్నీ కుతుబ్ మీనార్ చూపించడానికి తీసుకెళితే, వాళ్ళు మీనారు ముందు ఫొటోలు దిగుతుంటే ఈయన పక్కనున్న ఇనుప స్తంభం కంచె దగ్గర నిలబడిపోయారు. దాదాపు 1,600 ఏళ్ళుగా ఎండకూ వానకూ నిలబడ్డ ఇనుము. గుప్తుల కాలంలో కాచిన ఆ ఇనుములో భాస్వరం ఎక్కువ కాబట్టి ఫాస్ఫేటు పొరొకటి సన్నగా పట్టి కాపాడుతోందని శాస్త్రజ్ఞులు తేల్చారు. ఆ సంగతి గైడు చెబితే, “గుప్తులు కారు చెయ్యలేదు గానీ, చేసుంటే...” అని వాక్యం పూర్తిచెయ్యకుండా కళ్ళొత్తుకున్నారు. ముంబయిలో పద్మినీ టాక్సీల శకం ముగిసిందని 2023 అక్టోబరులో పేపరు రాసిన రోజున అన్నమే ముట్టలేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు ఊళ్ళో చెట్లూ స్తంభాలూ కూలిపోయాయి, కరెంటు లేదు, కుళాయిల్లో నీళ్ళు లేవు. ఇంటావిడ ముందుచూపుతో నాలుగు బిందెలు పట్టి ఉంచింది. తెల్లారి చూస్తే రెండు బిందెలు ఖాళీ. కారుకు పట్టిన ఉప్పు కడిగేశారు. ఆ తర్వాత వారం రోజులు ఆవిడ ఆయన తుప్పు వదలగొడుతూనే ఉందని పక్కింటివాళ్ళు చెబుతారు.

ఇన్ని చేసిన బండి ఎక్కడికైనా వెళుతుందా అంటే, వెళ్ళదు. సింహాద్రి అప్పన్న నిజరూపం ఏడాదికి ఒక్కరోజే దొరికినట్టు, పద్మిని అసలు రంగు కూడా ఏ ఆయుధపూజ నాడో తప్ప కనబడదు. మిగతా రోజుల్లో ఒకచోట నలుపు, ఒకచోట ఎరుపు, ఒకచోట ఒట్టి రేకు. ఇంటావిడ సింహాచలం వెళదామంటే, “ఎడమ మడ్‌గార్డు ఒక్కటీ అయిపోనీ” అంటారు. అది అయ్యేలోగా కుడిది మొదలవుతుంది. ఆవిడ ఆటోలో వెళ్ళి దర్శనం చేసుకుని, ప్రసాదం తెచ్చి, బయటికి కనబడే పాదాల పక్కన పెడుతుంది.

ఆయన పని పూర్తవడం ఆయనకే ఇష్టం లేదని నా అనుమానం. కానీ ఆ కాలనీలో పదిహేనేళ్ళు దాటిన బండి ఎవరు కొన్నా, రిజిస్ట్రేషన్ మళ్ళీ ఐదేళ్ళకు పొడిగించుకోవాలన్నా, ముందు ఆ పాదాల దగ్గరికే వెళతారు. అవి వద్దంటే కొనరు.

మీకూ పాత కారుంటే ఒక పని చేయండి. తలుపుల కింది అంచున నీరు కారిపోవడానికి సన్న కన్నాలుంటాయి, మట్టితో మూసుకుపోతాయి. వానలు మొదలయ్యేలోగా పుల్ల పెట్టి పొడవండి. లోపలి కార్పెట్లు ఎత్తి ఎండలో వేయండి, స్పేరు టైరు గుంటలో నీళ్ళున్నాయేమో చూడండి. మీరు చూసుకోకపోతే ఆయన చూస్తారు. చూసి ఊరుకోరు, పెళ్ళివారి ముందు చెబుతారు.