పోయినవాళ్లకు డ్యూటీలు

చచ్చినవాడి కండ్లు చారెడని సామెత. వెనకటికి ఆ చారెడు కొలవడానికి ఇంటిముందు కూర్చుని శోకాలు తీసే నలుగురు ఆడవాళ్లు సరిపోయేవాళ్లు. ఇప్పుడు ఆ పని పార్టీల సోషల్ మీడియా సెల్లులు తీసుకున్నాయి. ఒక సెల్లు కొలిస్తే చారెడు, ఇంకో సెల్లు కొలిస్తే పుట్టుగుడ్డి. కొలతలయ్యాక పోయినాయనకు ఒక డ్యూటీ వేస్తారు. సర్కారు నౌకరికి అరవై ఒకటికి రిటైర్మెంట్ ఉంది. పేరున్న మనిషికి మన రాష్ట్రంలో చచ్చినా రిటైర్మెంట్ లేదు.

2023 జనవరి 14, భోగి పండుగనాడు ఇస్తాంబుల్‌లో ముకర్రం జా కన్నుమూశారు. ఆఖరి నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్‌కు మనుమడు. ఎనిమిదో నిజాం అని పిలిచేవాళ్లు, రాజ్యం మాత్రం లేదు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ అధికార లాంఛనాలతో అంత్యక్రియలు జరపమన్నారు. నిజాం వారసుడిగా విద్య, వైద్య రంగాల్లో పేదలకు చేసిన సేవకు గుర్తింపు అన్నారు. విశ్వహిందూ పరిషత్, బీజేపీ వాళ్లు భగ్గుమన్నారు. రజాకార్ల వారసుడికి లాంఛనాలేమిటని అడిగారు. విమానం ఇంకా శంషాబాదులో దిగకముందే రాష్ట్రం రెండుగా చీలింది.

ఇక్కడ కాస్త లెక్క చూద్దాం. ముకర్రం జా పుట్టింది 1933లో, ఫ్రాన్సులోని నీస్ పట్టణంలో. ఈయన తాత ఉస్మానియా యూనివర్సిటీ పెట్టింది 1918లో. 1948 సెప్టెంబరు 17న నిజాం లొంగిపోయేనాటికి ఈయనకు పద్నాలుగేండ్లు. పుట్టడానికి పదిహేనేండ్ల ముందు పెట్టిన యూనివర్సిటీకి ఈయనకు దండలు, మీసం మొలవకముందు రజాకార్లు చేసిన ఘోరాలకు ఈయనకు శాపనార్థాలు. నడుమ ఆయన సొంతంగా చేసినవి కొన్ని ఉన్నాయి. పశ్చిమ ఆస్ట్రేలియాలో మర్చిసన్ హౌస్ అనే గొర్రెల స్టేషను నడిపారు. అప్పులపాలయ్యారు. 1996లో అక్కడినుంచి టర్కీకి వెళ్లిపోయారు. గొర్రెల పంపిణీకి వేల కోట్లు పెట్టిన రాష్ట్రంలో ఆ గొర్రెల ఊసెత్తినవాడు ఒక్కడూ లేడు. ఎత్తితే మనిషి కనబడతాడు. రెండు పక్షాలకూ కావాల్సింది ఆయన తాత. అందుకని మనుమడికి తాత డ్యూటీ వేశారు.

ఆ వారం ఆసిఫాబాద్ జిల్లాలోని మా జైనూరుకు వేరే పనుంది. పుష్య అమావాస్య దగ్గర పడింది. కేస్లాపూర్‌లో నాగోబా జాతర. బస్టాండు పక్క హోటల్లో కూర్చున్నవాళ్లంతా జాతర ముచ్చట్లలో ఉంటే, ఒక పోరగాడు ఫోన్లో చూసి చెప్పాడు.

"కాకా, నిజాం మనుమడు పోయిండట."

సాసర్లో చాయ్ పోసుకుంటున్న పెద్దమనిషి తలెత్తాడు. "ఎక్కడ?"

"టర్కీల."

"టర్కీల పోతే ఇక్కడెందుకురా లొల్లి?"

"సర్కారు లాంఛనాలు చేస్తదట. పోలీసోళ్లు తుపాకులు పేలుస్తరట."

పెద్దమనిషి చాయ్ ఊదుకుని ఒక గుటక వేశాడు. "నిజాం పేరు మీద తుపాకులు పేల్చుడు మనకు కొత్తనా? ఈసారి పైకి పేలుస్తున్రు, గంతే."

టీవీల్లో మూడు రోజులు నడిచిన చర్చ ఆ హోటల్లో అక్కడితో అయిపోయింది. మేమేదో మునులమని చెప్పడం లేదు. 2024 సెప్టెంబరులో మా ఊళ్లోనే దుకాణాలు తగలబడ్డాయి, కర్ఫ్యూ పెట్టారు, ఇంటర్నెట్ ఆపారు. లొల్లి చేసుకోవడం మాకూ వచ్చు. కాని నిజాం సంగతిలో మా దగ్గర ఊహలకు చోటు తక్కువ. ఆయన సర్కారు పెట్టిన ఖాతా ఈ గుట్టల్లోనే ఉంది.

ఖాతాలో మొదటి పద్దు పన్ను. అడవిలో పశువులు మేస్తే బంబ్రాం, కట్టెలు తెచ్చుకుంటే దూపపెట్టి. పోడు నరికితే కేసు, పంట వేస్తే చౌకీదారు దౌర్జన్యం. పన్నెండు గూడేలకు హక్కు కావాలని కుమురం భీం అడిగాడు. అడిగీ అడిగీ వేసారి తుపాకీ పట్టాడు. 1940లో జోడేఘాట్ గుట్టమీద నిజాం పోలీసుల కాల్పుల్లో తనవాళ్లతోపాటు నేలకొరిగాడు. జైనూరు నుంచి జోడేఘాట్ ఎంతో దూరం లేదు. ఇప్పటికీ ఆదివాసులు ఆయన వర్ధంతిని ఇంగ్లీషు తేదీకి జరపరు, ఆశ్వయుజ పున్నమికి జరుపుతారు.

రెండో పద్దు ఇంకా చిత్రమైంది. కాల్పులయ్యాక నిజాం సర్కారుకు ఒక అనుమానం వచ్చింది, అసలు ఈ గోండులకు ఏం కష్టమొచ్చిందని. చంపాక కారణం కనుక్కోవడం ప్రభుత్వాలకు కొత్తేమీ కాదు. కనుక్కోమని వియన్నాలో పుట్టిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్‌ను పంపింది. ఆయన భార్య ఎలిజబెత్‌తో వచ్చి మా మండలంలోని మార్లవాయిలో గుడిసె వేసుకున్నారు. అక్కడే గోండు టీచర్లకు శిక్షణ మొదలైంది. నాగోబా జాతరలో దర్బారు ఆయన చొరవతోనే పెట్టారు, అధికారులే జనం దగ్గరికి వచ్చి కూర్చోవాలని. 1940లు ముగిసేసరికి ఆదిలాబాద్ జిల్లాలో 11 వేలమందికి పైగా ఆదివాసులకు సుమారు 1.6 లక్షల ఎకరాలకు పట్టాలు అందాయి.

కాల్చిందీ ఆ సర్కారే, పట్టా ఇచ్చిందీ ఆ సర్కారే. నిజాం మంచివాడా, చెడ్డవాడా అని స్టూడియోలో అరిచే మనిషిని తెచ్చి మార్లవాయిలో నిలబెడితే నోట మాట రాదు. ఊరివాళ్లకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. కాల్పులు నిజాం ఖాతాలో రాసుకున్నారు. పట్టాలు కూడా నిజాం ఖాతాలో రాయబోయి ఆగారు. అవి భీం చచ్చి సంపాదించినవి, హైమన్‌డార్ఫ్ తిరిగి తిరిగి తెచ్చినవి.

ఎలిజబెత్ 1987 జనవరి 11న హైదరాబాదులో పోతే మార్లవాయికి తెచ్చి సమాధి చేశారు. 1995లో లండన్‌లో పోయిన హైమన్‌డార్ఫ్ అస్థికలు తర్వాత ఆమె పక్కకే చేరాయి. ఏటా జనవరి 11న ఊరు ఊరంతా అక్కడ కూడుతుంది. సమాధుల మీద పూలు పెడతారు, దండం పెడతారు, నాలుగు మాటలు చెప్పుకుంటారు. ఆయన జీతం నిజాంది కదా, మరి ఈ దండాలేమిటని ఇంతవరకు ఏ పార్టీవాడూ అక్కడికొచ్చి అడగలేదు. ఓట్లు తక్కువున్నచోట సిద్ధాంతం కూడా తక్కువే ఉంటుంది.

హైదరాబాదు సంతాపానికి ఈ బాధ లేదు. అక్కడ నాయకులు రెండు జేబుల చొక్కా వేసుకుంటారు. జోడేఘాట్ వచ్చినప్పుడు ఒక జేబులోంచి భీం, చార్మినార్ దగ్గర రెండో జేబులోంచి నిజాం. కేసీఆర్ 2014 అక్టోబరులో జోడేఘాట్ వచ్చి 25 కోట్లతో మ్యూజియం ప్రకటించారు. నిజాం కట్టించిన చెరువులను, దవాఖానలను మెచ్చుకున్నదీ ఆయనే. రెండూ నిజాలే కావచ్చు. ఒకే సభలో ఒకే నోటితో రెండూ చెప్పిన రోజు మాత్రం ఇంకా రావాలి.

బీజేపీకి భీం దగ్గర నిజాం దొరుకుతాడు, అడవి దొరకదు. భీం ఎవరిమీద కొట్లాడాడన్నంతవరకే వాళ్ల కథ. ఎందుకు కొట్లాడాడంటే అటవీ చట్టం అడ్డొస్తుంది. ఆ చట్టం ఇప్పుడు ఢిల్లీలో వాళ్ల చేతిలోనే ఉంది.

కాంగ్రెసు లెక్క మరీ ముచ్చటైంది. 1948లో సైన్యాన్ని పంపి నిజాంను దించింది ఆ పార్టీ సర్కారే. 1950 జనవరి 26న తీసుకెళ్లి రాజప్రముఖ్ కుర్చీలో కూర్చోబెట్టింది కూడా ఆ సర్కారే. 1956 దాకా ఆయన దానిమీదే ఉన్నారు. 1967 ఫిబ్రవరి 24న పోతే జనాజాకు లక్షల మంది వచ్చారు. వచ్చినవాళ్లంతా వెర్రివాళ్లు కాదు, రానివాళ్లంతా పగవాళ్లూ కాదు. మరి ఆయన ఓడిపోయిన రోజుకు ఇప్పుడేం పేరు? ఢిల్లీకి విమోచన, కేసీఆర్‌కు సమైక్యత, రేవంత్ రెడ్డికి ప్రజాపాలన. సెప్టెంబరు 17న ఎవరి జెండా కర్ర వాళ్లు పాతుకుంటారు.

చారెడు కండ్లు ఎట్లా పెరుగుతాయో చూడాలంటే నిజాం బంగారం కథ చాలు. 1965లో దేశ రక్షణకు ఐదు టన్నుల బంగారం దానం చేశాడని ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతుంటుంది. సమాచార హక్కు కింద అడిగితే తేలింది వేరు. ఆయన గోల్డ్ బాండ్లలో పెట్టింది 425 కిలోలు. ఆరున్నర శాతం వడ్డీకి. ఆపద వేళ 425 కిలోలు తీసి ఇవ్వడం చిన్న సంగతేమీ కాదు, అట్లాగే వడ్డీ రాసుకుని ఇచ్చిందాన్ని దానమనీ అనరు. కాని డిపాజిట్ అని రాస్తే ఎవరు ఫార్వర్డ్ చేస్తారు?

ఇక అసలు సంగతి. సంతాపం కూడా ఈ దేశంలో అందరికీ ఒకేలా దొరకదు. జైనూరు పక్కనే ఇంద్రవెల్లి. 1981 ఏప్రిల్ 20న భూముల కోసం సభ పెట్టుకున్న గోండుల మీద పోలీసులు కాల్పులు జరిపారు. సర్కారు లెక్కలో పోయింది 13 మంది. జనం లెక్క అరవై దాటింది. ఆ లెక్కల తేడాతో ఏ ముఖ్యమంత్రికీ నిద్ర పట్టకుండా పోలేదు. తర్వాత దశాబ్దాలపాటు ఏప్రిల్ 20 వస్తే చాలు 144 సెక్షన్. పోయినవాళ్ల స్తూపం దగ్గరికి పోయి ఏడవడానికి కూడా పర్మిషన్ దొరికేది కాదు. ఇస్తాంబుల్‌లో పోయినాయనకు చార్టర్డ్ విమానం, చౌమహల్లాలో ప్రజల సందర్శన, మక్కా మసీదులో పూర్వీకుల పక్కన చోటు, తుపాకుల వందనం. ఇంద్రవెల్లిలో పోయినవాళ్లకు పోలీసు పికెట్. 2024 ఫిబ్రవరి 2న రేవంత్ రెడ్డి ముఖ్యమంత్రిగా అక్కడికొచ్చి నివాళి అర్పించారు. 1981లో రాష్ట్రాన్ని ఏలింది ఏ పార్టీయో ఆరోజు వేదిక మీద ఎవరికీ గుర్తొచ్చినట్టు లేదు.

ముకర్రం జా అంత్యక్రియలకు ఉత్తర్వు ఒక్కరోజులో వచ్చింది. నిజాం కాలపు పట్టాల్లో చాలావరకు మైదానాల నుంచి వచ్చినవాళ్ల చేతికి పోయాయి. మిగిలినవాళ్లు పోడు చేసుకుంటే ఫారెస్టు కేసులు. ఆ పోడుకు పట్టాల పంపిణీ 2023 జూన్ 30న మా జిల్లాకేంద్రం ఆసిఫాబాద్‌లోనే మొదలైంది. రాష్ట్రమంతా కలిపి 1.51 లక్షల మందికి 4.06 లక్షల ఎకరాలు. అప్పటికి భీం పోయి 83 ఏండ్లు, అసెంబ్లీ ఎన్నికలకు ఐదు నెలలు. లాంఛనాలకు లేని ఫైలు పట్టాకు ఎక్కడినుంచి వస్తుందో కనిపెట్టినవాడికి ఒక పద్మశ్రీ ఇవ్వొచ్చు.

మా జిల్లా పేరే చూడండి, కుమురం భీం ఆసిఫాబాద్. ముందు నిజాంతో కొట్లాడి చచ్చినాయన, వెనక నిజాం వంశం పేరు. కలెక్టరేటు బోర్డు మీద ఇద్దరూ పక్కపక్కనే ఉన్నారు. వాళ్లకేమీ గొడవ లేదు.

పోయినవాళ్లకు వేసే డ్యూటీల్లో గొప్పది మాత్రం మొన్నమొన్నటిది. 2025 మే 30న సర్కారు జీవో 49 తెచ్చింది. మహారాష్ట్ర తాడోబా నుంచి కవ్వాల్ దాకా పులులు నడిచే దారికని మా జిల్లాలో దాదాపు 1,492 చదరపు కిలోమీటర్ల అడవిని కన్జర్వేషన్ రిజర్వుగా ప్రకటించింది. పులులు బతకాలి, కాదనేవాడు లేడు. కాని మా బర్రె ఎక్కడ మేయాలి, కట్టె ఎవరినడిగి తేవాలి అని గూడేలకు గుబులు పట్టుకుంది. 1940లో పట్టుకున్న గుబులే ఇది. రిజర్వుకు ఒక పేరు కావాలి కదా. ఎవరో అధికారి బాగా ఆలోచించి కుమురం భీం పేరు పెట్టాడు.

అడవిలో పశువులు మేపితే పన్నెందుకని అడిగి ప్రాణం ఇచ్చిన మనిషికి 85 ఏండ్ల తర్వాత అటవీశాఖలో నౌకరి వచ్చింది. చెక్‌పోస్టు దగ్గర నిలబడి సొంత మనుషుల్నే ఎక్కడికి పోతున్నవని అడగాలి. దానికి మించిన అధికార లాంఛనం ఏ నిజాంకు దక్కింది?

ఆదివాసులు రోడ్డెక్కారు, బంద్‌లు చేశారు. జులై 21న సర్కారు జీవోను నిలుపుదల చేసింది. సర్కారు కాగితాల్లో నిలుపుదల వేరు, రద్దు వేరు. ఆ కాగితం ప్రకారం మా భీం ప్రస్తుతం వెయిటింగ్ ఫర్ పోస్టింగ్.