‘సూచించగలదు’: ఒక ఆఫీసు సూత్రానికి టీకా తాత్పర్యం

మూలము: ‘దస్త్రము తెరవబడు తరుణమున ఎడిటరు వాడుకరికి సముచిత దస్త్రనామములను సూచించగలదు.’

అవతారిక. దోహాలో మా ఆఫీసు (పేరు అనవసరం) కొత్తగా చేరినవాళ్ల కోసం నలభై పేజీల గైడు వేసింది. మేము వాడే ఎడిటరు ఈమాక్స్. అందులో ఫైలు ఎలా తెరవాలన్న విషయం మీద గైడు చెప్పింది పై ఒక్క వాక్యమే. మూలం ఇంగ్లీషు; గాంభీర్యం చెడకుండా తెలిగించాను. ముందు వివరణ లేదు, వెనక ఉదాహరణ లేదు. పాణిని ఇంతకన్నా పొదుపరే అనుకుందాం, ఆయన వెనక పతంజలి ఉన్నాడు. మా గైడు వెనక నేనున్నాను.

మెదకు దగ్గరి కొల్చారం పండితుడు కోలాచల మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ మాటిచ్చి మరీ వ్యాఖ్యానానికి కూర్చున్నాడు. నేనా మాట ఇవ్వలేను. మూలంలో ఏమైనా ఉంటే కదా.

ప్రతిపదార్థం. దస్త్రము, ఎడిటరు, వాడుకరి సులభం, వదిలేస్తున్నాను. చిక్కంతా ‘గలదు’ దగ్గర. సూచించన్ + కలదు. ద్రుతం మీది పరుషం సరళమైంది కాబట్టి కకారం గకారమైంది. చిన్నయసూరిని చదివినవాళ్లకు ఇది కొట్టినపిండి. ద్రుతం మాత్రం అరసున్నగా చిక్కిపోయి, చివరికి మన అచ్చుల్లోంచే జారిపోయింది. ఉంది, కనపడదు. యునిక్స్‌లో చుక్కతో మొదలయ్యే ఫైళ్లూ అంతే: మామూలు జాబితాలో కనపడవు, ఇల్లు నడిపేది మాత్రం అవే.

ఈ గలదుకు అర్థాలు రెండు, శక్తి ఒకటి, ఉనికి ఒకటి. ‘ఇల్లు అద్దెకు గలదు’ అన్న బోర్డు చూసి మెట్లెక్కితే ‘నిన్ననే ఇచ్చేశామండీ’ అంటారు. మా గైడులోది ఆ గలదు.

సంధి మాట వచ్చింది గనక ఇంకొకటి. అరబ్బీలో ‘అల్’ పక్కన రకారం వస్తే లకారం కూడా రేఫమవుతుంది: ఇక్కడి ఒక ఊరి పేరు రాసేది అల్ రయ్యాన్, పలికేది అర్రయ్యాన్. అల్ షహానియా నోట్లో అష్షహానియా అవుతుంది. అల్ ఖోర్, అల్ వక్రాలలో లకారం కదలదు. కదిలించే అక్షరాలు సూర్యాక్షరాలు, కదిలించనివి చంద్రాక్షరాలు; 28 అక్షరాల్లో 14 అవి, 14 ఇవి. ఎంత నిండైన పంపకం! పైగా మన వ్యాకర్తలు సంధిని రాతకు కూడా ఎక్కిస్తే, వాళ్లు నోటికే వదిలేశారు. అరబ్బీ రాతలో అలిఫ్, లామ్ చెక్కుచెదరవు. కార్నిష్ గట్టు మీద కరక్ చాయ్ తాగుతూ సూడాన్ మిత్రుడొకడు ఇది చెప్పిన సాయంత్రం, ద్రుతసంధికి ఎడారిలో చుట్టం దొరికిందని నేను రెండో కప్పు కూడా చెప్పాను.

ఎడిటరు సంగతి మరిచాను.

మరిచానని పూర్తిగా అనలేను. మా డైరెక్టరీలన్నీ ఈ ఊళ్ల పేర్లే, ఇంగ్లీషు అక్షరాల్లో. ‘ఏ’, ‘ఎల్’ కొట్టి ట్యాబ్ నొక్కితే ఎడిటరు సందేహం లేనంత మేరకు పూరిస్తుంది, అంటే ‘అల్-’ దాకా తెచ్చి ఆగుతుంది. మళ్లీ నొక్కితే ఊళ్లన్నీ వరసగా పరుస్తుంది. పెళ్లిపందిట్లో ‘ఒరేయ్ శ్రీనూ’ అంటే ఆరుగురు తిరిగి చూసినట్టు. పైగా ఎవరో చెవికి వినపడినట్టు ‘అర్-రయ్యాన్’ అని ఒక డైరెక్టరీ, ఎవరో కంటికి కనపడినట్టు ‘అల్-రయ్యాన్’ అని ఇంకొకటి తెరిచారు. ఊరొకటే, గోత్రాలు రెండు. ఎల్ కొట్టినవాడికి ఆర్ ఉందని తెలియనే తెలియదు.

నడుమ ముక్కతో వెతికే సబ్‌స్ట్రింగ్ పద్ధతి ఈమాక్స్‌లో ఉంది. ముందే అమర్చి ఇవ్వరు, సెట్టింగులో ఒక్క మాట చేర్చాలి. చేరిస్తే ‘రయ్’ అనగానే రెండు రయ్యాన్లూ పైకొస్తాయి. ఒక్క పంక్తి. గైడులో సంస్థ దార్శనికతకు ఆరు పేజీలున్నాయి, దీనికి పంక్తి లేదు. తాత్పర్యం తేల్చడానికి మీమాంసకులు చెప్పిన ఆరు గుర్తుల్లో పొగడ్త ఒకటి, ఫలం ఒకటి. మా గైడుకు మొదటిది పుష్కలం.

పూర్వపక్షి అంటాడు: ఇదంతా చిన్న విషయం, పేరు పూరించడమేగా. అయ్యా, పేరు మొదలు కొడితే తోక యంత్రం పూరించే ఈ విద్య టెనెక్స్ అనే పాత ఆపరేటింగ్ సిస్టంలోనే ఉండేది. అక్కడ మీట ట్యాబ్ కాదు, ఎస్కేప్. యునిక్స్‌లోని టీసీషెల్ పేరులోని ‘టీ’ ఆ టెనెక్స్‌దే. ఇక ఈమాక్స్‌లో ఫైలు తెరవడానికి కంట్రోల్-ఎక్స్, కంట్రోల్-ఎఫ్ నొక్కగానే, ఇప్పుడు తెరిచి ఉన్న ఫైలు ఏ డైరెక్టరీదో ఆ దారి కింది వరసలో ముందే ప్రత్యక్షమవుతుంది. ఇది అచ్చంగా అష్టాధ్యాయి అనువృత్తి: పై సూత్రంలోని పదం కింది సూత్రంలోకి పిలవకుండానే దిగుతుంది. అక్కడ అనువృత్తి ఎక్కడ ఆగుతుందో గురువు చెప్పాలి. ఇక్కడ రెండు స్లాషులు వరసగా కొడితే ముందున్న దారి రద్దై, రూటు నుంచి మొదలవుతుంది. ఇదీ గైడులో లేదు.

నవ్వు రానిది ఒకటి ఉంది. రాత్రి షిఫ్టులో జగిత్యాల కుర్రాడు, చేరి తొమ్మిదో రోజు, అలారం సెట్టింగుల ఫైలు పేరులో ఒక అక్షరం తప్పు కొట్టి ఎంటర్ నొక్కాడు. ఖాళీ తెర. లేని పేరు కొడితే ఈమాక్స్ కొత్త ఫైలు తెరుస్తుంది. కింద మూల ‘కొత్త ఫైలు’ అని ఒక ముక్క అని ఊరుకుంటుంది. ట్యాబ్ కొట్టిన వెంటనే ఎంటర్ నొక్కినవాణ్ని ఖాయమేనా అని అడుగుతుంది, పేరంతా చేత్తో కొట్టినవాణ్ని అడగదు. ఉన్న సెట్టింగులు తుడిచేశానేమోనని వాడు వణికిపోయి, తెల్లారేదాకా కూర్చుని గుర్తున్నంత మేర మళ్లీ కొట్టి, ఎవరూ చదవని ఆ ఫైలులో భద్రంగా దాచాడు. అసలు ఫైలు పక్కనే ఉంది. మర్నాడు మందలించినవాళ్లలో గైడులో ఆ ఒక్క వాక్యమున్న పదకొండో పేజీ రాసినవాళ్లూ ఉన్నారు. ‘గైడు చదవలేదా?’ అన్నారు. చదివాడు. నాలుగుసార్లు చదివాడు.

తప్పు పేరు కొడితే ఖాళీ ఫైలు తెరుచుకుంటుందని ఒక్క వాక్యం చేర్చమని ఆదివారం పొద్దున్నే, వారం మొదలవుతూనే, పైవాళ్లకు రాసి పంపాను. గురువారం సాయంత్రం జవాబొచ్చింది: ‘మీ సూచన పరిశీలింపబడగలదు.’

అరసున్న ఎక్కడ పెట్టాలో చూస్తున్నాను.