ఏడు పాయింట్ల లోపు

తెలుగు టైటాన్స్‌ను ఎవరైనా ఒక్క మాట అంటే నేను ఊరుకోను. 12 జట్లున్న ప్రో కబడ్డీ లీగులో వరసగా మూడు సీజన్లు 12వ స్థానంలో నిలబడటం తమాషా కాదు. పై స్థానందేముంది, ఒక ఏడు జైపూరుది, ఇంకో ఏడు పుణెది. అక్కడ ఎవరికీ స్థిరం లేదు. మావాళ్లు మాత్రం 8, 9, 10 సీజన్లలో పట్టిన చోటు వదల్లేదు. 66 మ్యాచులాడి ఐదు గెలిచారు. మొదటి ఏడు ఒకటి, తర్వాతి ఏడు రెండు, ఆ తర్వాత మళ్లీ రెండు. ఒకటి నుంచి రెండుకు పోవడమంటే నూటికి నూరు శాతం ప్రగతి. ఆ ప్రగతిని మరుసటి ఏడు కూడా జారిపోనివ్వలేదు. ఏ ప్రభుత్వం చేసి చూపించింది ఈ పని?

నాకు నిందాస్తుతి చేతకాదని ముందే చెప్పుకుంటున్నాను. అది కాసుల పురుషోత్తమ కవి విద్య. ఆయన శ్రీకాకుళాంధ్ర దేవుణ్ని నూరు పద్యాల్లో దులిపేసి, దులిపినంతసేపూ పొగిడాడు. నాది ఉత్త భక్తి.

మా అనంతపురం జిల్లావాళ్లకు ఈ జట్టు ఇట్టే అర్థమైంది. సర్కారు జిల్లాలవాళ్లు కాలవ నీళ్లు చూసి పెరిగినవాళ్లు, ఓటమిని నిదానంగా నమిలి మింగే ఓపిక వాళ్లకుండదు. మాకు ఏడాదికి సగటున పడేది 552 మిల్లీమీటర్లు. ఆ సగటు కూడా నాలుగు నెలల ఎండనూ ఒక రాత్రి కుంభవృష్టినీ కలిపి భాగిస్తే వచ్చేది. జూన్‌లో పడమటి దిక్కున మబ్బు లేస్తుంది, గాలి చల్లబడుతుంది, గొర్రు కడతాం. ఆగస్టులో చెనిక్కాయకు ఊడలు దిగే వేళకు సరిగ్గా బెట్ట వస్తుంది. మావాళ్ల మ్యాచూ అంతే. మొదటి ఇరవై నిమిషాలు మబ్బు, రెండో ఇరవై నిమిషాలు బెట్ట.

అందులోనూ 8వ సీజన్‌లో వాళ్లు మా పట్ల చూపిన దయ మరిచిపోలేనిది. కరోనా వల్ల మ్యాచులన్నీ బెంగళూరులో ఒకే హోటల్లో పెట్టారు. మాకు హైదరాబాదు అంటే ఒక రాత్రి రైలు, విశాఖ సంగతి అడగొద్దు; బెంగళూరు మాత్రం నాలుగు గంటల్లోపే. చేతికందేంత దగ్గరికి జట్టు వచ్చిన ఆ ఒక్క ఏడూ ప్రేక్షకుల్ని లోపలికి రానివ్వలేదు. 22 మ్యాచుల్లో 17 ఓటములు, నాలుగు టైలు, ఒక గెలుపు, అన్నీ ఖాళీ కుర్చీల ముందే. సొంతవాళ్ల ఎదుట ఓడి వాళ్ల మనసు కష్టపెట్టకూడదన్న మర్యాద ఎంతమందికి ఉంటుంది?

ఆ శీతాకాలం నేను కంబదూరు వైపు మా మామ ఊళ్లో ఉన్నాను. వసారాలో టీవీ, వాకిట్లో చెనిక్కాయ కట్టె వామి, దాని మీద టార్పాలిన్ పట్ట. వాన వస్తుందని కాదు, కప్పడం అలవాటు. నేను చెప్పులు విడుస్తూ అడిగాను.

"ఎట్లుండాది మామా?"

"మొబ్బయితే లేసిందప్పా," అన్నాడు కళ్లు తిప్పకుండా. అంటే మనవాళ్లు నాలుగు పాయింట్లు ముందున్నారని అర్థం.

మూడో కూత. అంతకు ముందు రెండు కూతలు ఉత్తచేతులతో వచ్చాయి కాబట్టి ఇది డూ ఆర్ డై. పాయింటు తేకపోతే వెళ్లినవాడే ఔటు. మావాడు నడిగీత దాటాడు. ఎడమ కార్నర్ మీదికి రెండడుగులు, వెనక్కి ఒకటి. బోనస్ గీత మీద కాలు గాల్లో ఊపి, దించకుండా తీసేసుకున్నాడు. 30 సెకన్లలో 20 అయిపోయాయి. అవతలి కార్నర్‌వాడు బియ్యంలో రాయి ఏరేవాడిలా కిందికే చూస్తున్నాడు, మావాడి మొహం వైపు ఒక్కసారి కూడా చూడలేదు. ఎనిమిది, ఏడు. మావాడు చెయ్యి చాచాడు. చాచిన చెయ్యి వెనక్కి రాకముందే చీలమండ వాడి గుప్పిట్లో ఉంది, కవర్‌లో ఇద్దరు వచ్చి మీద పడ్డారు.

"పాయె," అన్నాడు మామ. "పక్కూర్లో కురిసె."

ఇప్పుడు ఈ లీగులోని గొప్ప ధర్మసూత్రం గురించి చెప్పాలి. అప్పట్లో గెలిస్తే ఐదు పాయింట్లు, సమానమైతే మూడు, ఓడితే సున్నా. అయితే ఓటమి తేడా ఏడు పాయింట్లు, అంతకు లోపు అయితే ఓడినవాడికీ ఒక పాయింటు. ఈ సూత్రం లోతును దేశంలో మావాళ్లు గ్రహించినంతగా ఇంకెవరూ గ్రహించలేదు. ఆ మూడు సీజన్లలో వాళ్లకు వచ్చినవి వరసగా 27, 15, 21, మొత్తం 63 పాయింట్లు. ఐదు గెలుపుల వల్ల 25, ఐదు టైల వల్ల 15. మిగిలిన 23 పద్ధతిగా ఓడినందుకు వచ్చినవి. గెలిచి సంపాదించినదీ ఓడి సంపాదించినదీ దాదాపు సమానం. ఇంత సమదృష్టి గీత చదివినవాళ్లలో కూడా అరుదు.

మామకు ఈ లెక్క చెప్తే ఆయన వెంటనే పట్టేశాడు. "ఇది పంటల బీమా గదప్పా!"

నిజమే, పంటల బీమాయే. పంట పూర్తిగా పోవాలి, కాగితం మీద మాత్రం ఒక హద్దు లోపల పోయినట్టుండాలి. మాకు ఆ హద్దు తేల్చడానికి ఊళ్లో నాలుగు మూలలా కొలిచి కోత ప్రయోగాలు చేస్తారు, పక్క మండలంలో ఉన్న వానమాపకం మా చేను తడిసిందో లేదో చెబుతుంది. డబ్బు ఎప్పుడు పడుతుందో, పడ్డప్పుడు అది ఏ ఏటిదో ఎవరికీ తెలీదు. టైటాన్స్‌కు అదే రాత్రి పట్టికలో పడిపోయేది. ఆఖరి రెండు నిమిషాల్లో మావాళ్లు తొమ్మిది పాయింట్ల వెనక నుంచి ఏడుకు వచ్చినప్పుడు మేం వేసిన ఈలలు బయటివాళ్లు వింటే గెలిచామనుకునేవాళ్లు.

ఇక వేలంపాటలో మావాళ్ల తెలివి. కబడ్డీలో ఏడుగురుంటారు, కొందరు కూతకు పోతారు, కొందరు వచ్చినవాణ్ని పడతారు. పట్టేవాడు వీధిలో ఎక్కడైనా దొరుకుతాడని మావాళ్లు పెద్దమనసుతో నమ్మారు. కూతగాడి దగ్గర మాత్రం డబ్బుకు వెనకాడలేదు. మొదటి ఆరు సీజన్లూ బిజ్నోర్ జిల్లా నుంచి వచ్చిన రాహుల్ చౌదరిని నెత్తిన పెట్టుకున్నారు. ఆ కాలంలో, 2015లో, మూడో స్థానం కూడా వచ్చింది, యవ్వనంలో తప్పులు సహజం. 2019లో సిద్ధార్థ్ దేశాయ్‌ని 1 కోటి 45 లక్షలకు పాడారు. ఆ వేలంలో అంతకు మించిన ధర లేదు. అతను 200కు పైగా కూత పాయింట్లు తెచ్చాడు, జట్టు 11వ స్థానం తెచ్చింది. 8వ సీజన్‌లో అతను గాయపడి తొందరలోనే పక్కకు తప్పుకుంటే జట్టు ఒక మెట్టు దిగి ఆఖరి స్థానంలో కుదురుకుంది. 2023 అక్టోబరులో పవన్ సెహ్రావత్‌ను 2 కోట్ల 60 లక్షల 50 వేలకు తెచ్చారు. లీగు పుట్టినప్పటి నుంచి అంతవరకు ఎవరికీ పలకని ధర. పవన్ మాట నిలబెట్టుకున్నాడు, అతనూ 200 దాటించాడు. జట్టూ మాట నిలబెట్టుకుంది: రెండు గెలుపులు.

ఇది మా జిల్లాలో బోరు వేయించడం లాంటిది. 300 అడుగుల దగ్గర దుమ్ము లేస్తుంది. ఇంకో వంద పోనీ అంటాం. 600 దగ్గర రాయి రంగు మారింది, నీటి వాసన ఉందంటాడు బండివాడు. నగలు బ్యాంకుకు పోతాయి. చెరువు పూడిక తీయించాలని, గట్టుకు మట్టి వేయించాలని, చేలో చెనిక్కాయ ఒక్కటే కాకుండా నాలుగు సాళ్లు కందీ కొర్రా వేసుకోవాలని మధ్యలో ఎవరైనా అంటే వాడు అభివృద్ధి నిరోధకుడు. అదే వేలంలో పుణెవాళ్లు షాద్లూ అనే ఇరానీని 2 కోట్ల 35 లక్షలకు కొన్నారు. వాడికి పట్టడంలో పేరు. చెరువు గట్టు మీద అంత డబ్బు పోసే పిచ్చివాళ్లున్నారా అని మేం నవ్వుకున్నాం. ఆ ఏడు కప్పు పుణెకు పోయింది.

కూతగాడు ఎంత మొనగాడైనా పట్టేవాళ్లు లేకపోతే ఏమవుతుందో చిన్నప్పుడు బడి వెనక చెడుగుడు ఆడిన ప్రతివాడికీ తెలుసు. దొరికితే వాడు చచ్చినట్టు, గీత అవతల కూర్చోవాలి. మళ్లీ బతకాలంటే మనవాళ్లలో ఎవడో ఒకడు అవతలివాణ్ని తాకి రావాలి, లేదా పట్టి పడేయాలి. ఆ ఎవడో ఒకడు లేడు. పవన్ బెంచీ మీద కూర్చొని మోకాళ్ల మీద మోచేతులు ఆనించుకొని చూస్తుండేవాడు. మామ సెల్‌ఫోన్‌లో లెక్క కట్టాడు: 22 మ్యాచులు, మ్యాచుకు 40 నిమిషాలు, నిమిషానికి సుమారు 29,600 రూపాయలు. "మూడు నిముషాలు కూర్చుంటే ఒక ఎద్దు పాయె," అన్నాడు. ఈమధ్య సంతలో ఎద్దుల ధర పెరిగింది కానీ, ఆయన మాటకు నేను అడ్డం చెప్పలేదు.

ఒక్కణ్ని నమ్ముకుంటే వచ్చే ఈ చిక్కు మన ఒక్కరిదే అనుకోకండి. ఆస్ట్రేలియావాళ్లకు సొంత ఫుట్‌బాల్ ఒకటుంది. ఒక్కో వైపు 18 మంది, కోడిగుడ్డు ఆకారపు బంతి. అంపైరు బంతిని గాల్లోకి ఎగరేయగానే రెండు జట్ల నుంచీ తాడిచెట్టంత మనిషి ఒక్కొక్కడు గాల్లోకి లేచి దాన్ని తనవాళ్ల వైపు తడతాడు. వాణ్ని రక్‌మన్ అంటారు. ఎన్నిసార్లు తట్టాడో లెక్క రాసిపెడతారు. కానీ తట్టిన బంతి పడే చోట అందుకునే చురుకైనవాడు లేకపోతే ఆ లెక్క ఇంట్లో పటం కట్టించుకోవడానికే పనికొస్తుంది. అందుకే అక్కడ వాదులాట ఎగిరేవాడి దగ్గరే ఆగదు, వాడి కాళ్ల దగ్గర ఎవరుండాలన్న దాకా పోతుంది. 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో ఆ ఆట మాజీ ఆటగాళ్ల చేత మనవాళ్లు సరదాకు కబడ్డీ కూడా ఆడించారు. వాళ్లకు మనం కూత నేర్పాం. వాళ్ల దగ్గర కాళ్ల దగ్గరి మనిషి సంగతి నేర్చుకునే తీరిక మనకెక్కడిది.

తెలుగు అన్న పేరు గురించి కూడా ఒక మాట. జట్టులో తెలుగువాణ్ని వెతకడం చెనిక్కాయ తవ్వేశాక చేలో మిగిలిన కాయ ఏరడంలాంటిది. వంగి వంగి చూస్తే అక్కడొకటి ఇక్కడొకటి దొరుకుతుంది. హర్యానా కుర్రాళ్లు తెలుగువాళ్ల ఓటమిని తమ భుజాల మీద మోస్తున్నారంటే అంతకన్నా జాతీయ సమైక్యత ఏముంటుంది?

ఇంత మంచి జట్టు 2024లో చెడిపోయింది. కృషన్ కుమార్ హుడా అనే కోచ్ వచ్చాడు. అంతకు ముందు ఢిల్లీకి కప్పు తెచ్చిన మనిషి, పాత అలవాట్లు పోతాయా. సీజన్ మధ్యలో పవన్ గాయపడ్డాడు. ఇక ఆఖరి స్థానం ఖాయమని మేం స్థిమితపడుతుంటే విజయ్ మలిక్, ఆశిష్ నర్వాల్ లాంటివాళ్లు తలా కొంచెం తెచ్చి గెలవడం మొదలుపెట్టారు. కోట్లు పలకని కుర్రాళ్లు, కందీ కొర్రా లాంటివాళ్లు. 22లో 12 గెలిచారు. మా ఇంట్లో ఎవరికీ ఏం చేయాలో తెలియలేదు. అయినా పూర్తిగా సంస్కారం పోలేదు: అప్పట్లో ప్లేఆఫ్స్‌కు ఆరు జట్లు పోయేవి, మావాళ్లు ఏడో స్థానంలో ఆగారు.

2025లో పవన్ తమిళ్ తలైవాస్‌కు వెళ్లిపోయాడు. ఆగస్టు 29న విశాఖలో సీజన్ మొదలైంది, మొదటి మ్యాచే ఆ తలైవాస్‌తో. సొంతగడ్డ, సొంత జనం, అవతల నిన్నటి మన కూతగాడు. 38-35తో మావాళ్లు ఓడారు. హమ్మయ్య, మూడే పాయింట్ల తేడా, మన పాయింటు మనకొస్తుందని నేను మామకు ఫోన్ చేశాను.

"రాదంట," అన్నాడు మామ. గొంతు పీలగా ఉంది. "ఈ ఏడు తీసేసినారంట. గెలిస్తే రెండు, ఓడితే సున్నా. ఏడు లోపల, ఎనిమిది పైన, ఏం ల్యాదు. అంతా ఒకటే."

బీమా ఎత్తేశారన్నమాట. చాలాసేపు ఇద్దరం మాట్లాడలేదు.

ఆ తర్వాత జరిగింది మీకు తెలుసు. విజయ్ మలిక్ కెప్టెన్‌గా ఆ జట్టు గెలుచుకుంటూ పోయి ప్లేఆఫ్స్‌లో పడింది. అక్కడా గెలిచి, ఫైనల్‌కు ఒక్క మెట్టు కింద పుణెరీ పల్టన్ చేతిలో ఓడి, చివరికి కొంతలో కొంత పెద్దల పేరు నిలబెట్టింది. ఇదంతా జరగనివ్వండి. కానీ బీమా తీసేయగానే వీళ్లు గెలవడం మొదలుపెట్టారన్న మాట మాత్రం మీరూ నేనూ అనుకున్నంతవరకే ఉండాలి. వ్యవసాయ శాఖ చెవిన పడిందంటే మా మామకు ఈ ఏడు వచ్చేది కూడా రాదు.