హారన్ లేని బండి

సాయంత్రం ఆరింటికి శాలిబండ నుంచి మదీనా చౌరస్తా దాకా బండి తోలగలిగినవాణ్ణి ఏ దేశంలోనూ లైసెన్సు అడగకూడదని నా అభిప్రాయం. అందుకే 2025 డిసెంబరులో గచ్చిబౌలి బాలయోగి స్టేడియంలో సూపర్‌క్రాస్ పందేలున్నాయని మా మేనల్లుడు గంతులేస్తుంటే నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

"గుట్టలు పోసి, వాటి మీదికెళ్ళి బండ్లు ఎగిరిస్తరు మామా."

"మన గల్లీ మొదట్ల పైపు కోసం తవ్వి ఇడిసిపెట్టిండ్రు గదరా. దానికి టికెట్ గూడ లేదు."

వాడికి గౌలిపురాలో మెకానిక్ షాపుంది. ఈ సంగతిలో వాడితో పరాచికాలు పనికిరావు. పైగా ఈ పందేల లీగ్‌కి సల్మాన్ ఖాన్ బ్రాండ్ అంబాసిడర్. ఇక పాతబస్తీలో ఇంటిపట్టున ఎవరుంటారు?

నా అనుమానాలు నాకున్నాయి. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ పెట్టినప్పుడు 2.8 కిలోమీటర్ల ట్రాక్ కోసం ఊరి ట్రాఫిక్‌నంతా అటూ ఇటూ తిప్పారు. తీరా చూస్తే అవి కరెంటు కార్లు. మా వైపు బారాత్‌కి కూడా అంతకన్నా ఎక్కువ చప్పుడుంటుంది. ఈసారి ఆ లోటు లేదు. మావాడి వెంట వెళితే స్టేడియం గేటు దగ్గరే చెవులు గింగిర్లెత్తాయి.

మావాడికి తెలిసిన మెకానిక్ ఎవరో ఉంటే, అతని పుణ్యాన బండ్లు పెట్టినచోటికి వెళ్ళాం. 450 సీసీ బండిని దగ్గర్నుంచి చూశాను. హారన్ లేదు. అద్దాల్లేవు. హెడ్‌లైటు లేదు, స్పీడోమీటరు లేదు.

"అద్దాలు ఏవిరా?"

"మనం కొన్నంక పీకేస్తం మామా. వీళ్ళకి కంపెనీవాళ్ళే పెట్టరు."

సైడ్ స్టాండు కూడా లేదు. నాకు ప్రాణం ఉసూరుమంది. "అన్నా, స్టాండ్! స్టాండ్!" అని వెనకాల నుంచి అరిచి పరాయివాడి ప్రాణం కాపాడే భాగ్యం ఈ ఆటలో ఎవరికీ దక్కదన్నమాట. బరువు నూటపది కిలోల చిల్లర. ఇంచుమించు నా స్ప్లెండర్ బరువే. నాది ఎనిమిది హార్స్‌పవర్, దానిది యాభైకి పైన. మైలేజీ ఎంతని అడగబోతే మావాడు నా నోరు మూశాడు.

రైడర్లు పందేలు జరిగే రెండు రోజులూ గాల్లోనే ఉంటారనుకున్నాను. చాలాసేపు నేల మీదే ఉన్నారు. ముందు కాలినడకన ట్రాక్ చుట్టి రావాలి. ఓ తెల్లాయన ఒక గుట్ట అంచు నుంచి ఇంకో గుట్ట దాకా అడుగులు లెక్కపెడుతూ, మధ్యలో ఆగి బూటు మడమతో మట్టిని నొక్కి చూస్తున్నాడు. అచ్చం ప్లాటు కొనడానికొచ్చిన ఎన్నారైలా ఉన్నాడు. తర్వాత ప్రాక్టీసు, ఆ తర్వాత టైమింగు, ఆ పైన బండి కడగడం. ఆఖరికి కొన్ని నిమిషాల పందెం.

ఈ ఆట 1924లో ఇంగ్లండులో కాంబర్లీ దగ్గర పొదల్లో, గుట్టల్లో పుట్టింది. 1972లో లాస్ ఏంజెలిస్‌లో మట్టిని స్టేడియంలోకి తోలి పందెం పెడితే గెలిచిన మార్టీ ట్రైప్స్‌కి పదహారేళ్ళు. మా ఇంట్లో ఆ వయసువాడికి స్కూటీ తాళం ఇవ్వం. మనవాళ్ళలో బెంగళూరు సి.ఎస్. సంతోష్ ఈ మట్టిలోంచే వెళ్ళి, 2015లో డకార్ ర్యాలీ పూర్తిచేసిన తొలి భారతీయుడయ్యాడు.

పందెం మొదలైంది. బండ్ల ముందున్న ఇనప గేటు టపీమని పడింది. అందరూ ఒక్కసారిగా ఒకే మలుపు మీద పడ్డారు. అక్కడివరకూ నాకు కొత్తేమీ లేదు, అఫ్జల్‌గంజ్ సిగ్నల్ దగ్గర రోజూ జరిగేదే. ఆ తర్వాతే తల తిరిగింది. అందరూ ఒకే దిక్కుకు పోతున్నారు! ఒక్కడంటే ఒక్కడు రాంగ్ రూట్లో రాలేదు. వరసగా స్పీడ్ బ్రేకర్లలాంటి మిట్టలు, వాటిని 'వూప్స్' అంటారట. నేనైతే బ్రేకు వేసేవాణ్ణి. అక్కడ నెమ్మదించినవాడి చక్రం గుంతలో దిగబడుతుంది, వేగంగా పోయేవాడు మిట్టల నెత్తిమీంచి సాగిపోతాడు. కళ్ళద్దాల మీద పొరలు పొరలుగా పల్చటి ప్లాస్టిక్ అంటించి ఉంటుంది. మట్టి పడగానే ఒక పొర పీకి పారేస్తారు, అదీ గాల్లో ఉండగా, ఒంటిచేత్తో.

ఇంతలో ఒకడు నీలం జెండా ఊపాడు. వెనకబడినవాడు బుద్ధిగా పక్కకి జరిగాడు.

"వెనక ఫస్ట్ ఉన్నోడొస్తుండు, దారియ్యమని" అన్నాడు మావాడు.

"ఇచ్చేస్తడా? తిట్టకుండ?"

పాతబస్తీలో జెండా కనబడితే ఊరేగింపని లెక్క. రంగును బట్టి ఏ రోడ్డు బందో పోల్చుకుని పక్క గల్లీలోకి తిప్పేస్తాం. దారి ఇవ్వడానికి కూడా ఒక జెండా ఉంటుందని నాకీ వయసులో తెలిసింది.

పందెం అయ్యాక మళ్ళీ లోపలికి వెళ్ళాం. ఇందాకటి తెల్లాయన నీళ్ళ సీసా మూత తిప్పలేక అవస్థ పడుతున్నాడు. హ్యాండిల్ పట్టి పట్టి ముంజేతులు రాళ్ళలా బిగుసుకుపోతాయట, వేళ్ళు ముడుచుకోవట. మెకానిక్ మూత తీసి ఇస్తే రెండు చేతులతో పట్టుకుని తాగాడు.

ఇంటికొచ్చి ఇదంతా మా ఎదురింటాయనకి పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఉప్పుగూడలో ఇల్లు కట్టిస్తున్నాడు. ఎగరడం, దూకడం, జెండాలు అన్నీ ఓపిగ్గా విన్నాడు.

"ఆటయిపోయినంక ఆ గుట్టలన్నీ తీసేస్తరా?"

"తీసేస్తరు మరి. స్టేడియం గద."

"మొరమా, ఎర్రమట్టా? మీ అల్లుణ్ణి జర అడుగు. బేస్‌మెంట్ల నింపనీకి నాకు నాలుగు టిప్పర్లు గావాలె."