మ్యూజియంలో నోరు మూసుకోకండి

పిల్లల్ని తీసుకుని ధవళేశ్వరంలోని కాటన్ మ్యూజియానికి వెళ్దామనుకుంటున్నారా? ముందుగా అంతా చదువుకుని వెళ్లమంటారు కొందరు. ఏమీ చదవకండి. బండి దిగి నేరుగా లోపలికీ వెళ్లకండి. ముందు బ్యారేజీ మీద కాసేపు నడవండి. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అని నాలుగు ముక్కలుగా, మధ్యమధ్య లంకల్ని కలుపుకుంటూ సాగుతుందది. ఎండ చుర్రుమన్నా సరే, ఆ వెడల్పు పిల్లల కాళ్లకి తెలియాలి. ఇంత గోదారికి 1847లో అడ్డంగా రాళ్లు పేర్చడం మొదలుపెట్టి 1852కల్లా ముగించారని అప్పుడు చెప్పండి. ఎలా కట్టారని వాళ్లే అడుగుతారు. అడిగాకే లోపలికి తీసుకెళ్లండి. ఆ ప్రశ్న లేకుండా అడుగుపెట్టిన పిల్లలకి పటాలూ నమూనాలూ ఐదు నిమిషాల్లో అయిపోతాయి.

రెండో సలహా చాలామందికి నచ్చదు. లోపల మాట్లాడండి. పక్కవాళ్లకి ఇబ్బంది లేనంత గొంతుతో, కానీ ఆపకుండా. ముఖ్యంగా పెద్దవాళ్లని మాట్లాడనివ్వండి. మోకాళ్ల నొప్పులు కదా అని వాళ్లని బయట చెట్టు కింద కూర్చోబెట్టి పోకండి. నేనా తప్పు చేశాను, ఇప్పటికీ బాధే. మా నాయనమ్మది కోనసీమలో లంక ఊరు. ఆవిణ్ణి బయట కూర్చోబెట్టి మేం లోపల నీటి లెక్కలు చదువుకున్నాం. తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఎనభయ్యారు వరద సంగతి ఎత్తింది. “మొదటి హెచ్చరికకి గొడ్లని గట్టెక్కించేవాళ్లం నాన్నా, రెండోదానికి ధాన్యం, మూడోదానికి మేం” అంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటిది, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఏటా వానాకాలంలో టీవీలో వినే అంకెలే. వాటి వెనక గొడ్లూ గాదెలూ మనుషులూ ఉన్నారని మా పిల్లలకి ఆ రోజే తెలిసింది. ఆ మాట మ్యూజియంలో, డెల్టా పటం ముందు నిలబడి, తన ఊరి మీద వేలు పెట్టి చెప్పి ఉంటే ఎంత బాగుండేది!

మూడో సలహా. అన్నీ చూడకండి. టికెట్టు కొన్నాం కదా అని ప్రతి అక్షరం చదివించకండి. ఒక పటం, ఒక పనిముట్టు, ఒక ఫొటో చాలు. వాటి ముందే అరగంట నిలబడండి. మిగతావి ఇంకోసారి.

ఆ ఆనకట్ట కట్టించిన కాటన్ దొర గొప్పతనం ఒక్కటే చెప్పి ఊరుకోకండి. ఆయనకి తర్పణం వదిలే కుటుంబాలు గోదారి జిల్లాల్లో ఇప్పటికీ ఉన్నాయి, ఆ కృతజ్ఞత నిజమైనదే. కానీ ఆయన కింద పనిచేసిన వీణెం వీరన్న పేరు మన పిల్లలకి తెలీదు. రాళ్లు మోసిన కూలీల పేర్లు ఎవరికీ తెలీవు. “ఇంత రాయి ఎవరు మోశారు?” అని పిల్లల్ని అడగండి. జవాబు మీకు రాకపోయినా అడగండి.

ఇంకొక్క మాట. ఈసారి వెళ్లేటప్పుడు ఇంట్లో పెద్దావిడని బతిమాలైనా తీసుకెళ్లండి. లోపల కూర్చోవడానికి ఒక కుర్చీ వేయమని అక్కడి సిబ్బందిని అడగండి. పిల్లల్ని ఆవిడ చుట్టూ కూర్చోబెట్టి, మీరు వెనక నిలబడండి.