మూతశాస్త్రం

"లోపలిది బయటికి రానివ్వనిది డబ్బా" అన్నామనుకోండి, అతివ్యాప్తి దోషం. ఈ లెక్కన మా ఆఫీసు ఫైళ్ల బీరువా కూడా టిఫిను డబ్బాయే. "సాంబారును సంచిలోకి రానివ్వనిది" అని సవరిస్తే అసంభవ దోషం. అలాంటి డబ్బా ఇంకా పుట్టలేదు.

ఇక ప్రమాణాలు. ప్రత్యక్షం పనికిరాదు, కంటపడేసరికి సంచి తడిసే ఉంటుంది. అనుమానం కొంత నయం: కొండమీద పొగ కనిపిస్తే నిప్పున్నట్టు, సంచి అడుగున పసుపు మరక కనిపిస్తే మూతలో రబ్బరు జారినట్టు. గొడవంతా శబ్దప్రమాణం దగ్గరే. అందులో రెండు శాఖలు.

తేన్పు శాఖకు మూలపురుషుడు అమెరికావాడైన ఎర్ల్ టప్పర్. 1946లో ఆయన డబ్బాలు బజారుకెక్కాయి. మూత నడుమ నొక్కి అంచు కాస్త ఎత్తితే లోపలి గాలి తేన్చి మరీ వెళ్లిపోతుంది. 1996లో టప్పర్‌వేర్ మన దేశానికొచ్చి, ఇళ్లలో ఆడవాళ్ల కూడికల్లో వ్యాపించింది. కిట్టీ పార్టీల మా ఢిల్లీలో వేరే ప్రచారమెందుకు? 2024 సెప్టెంబరులో అసలు కంపెనీ అమెరికాలో దివాలా పిటిషన్ వేసింది. మా అత్తయ్య అల్మరాలోని డబ్బాలకు ఆ కబురు ఇంకా అందలేదు.

టక్కు శాఖ నాది. మూతకు నాలుగు వైపులా రెక్కలు, గాడిలో సిలికోన్ రబ్బరు. నాలుగు టక్కులు వినబడితే చాలని నమ్మాను. కడిగినప్పుడు రబ్బరు మెలిపడినా అదే టక్కు వినబడుతుందని, ఆ మాటలోనే టక్కరితనం ఉందని ఆలస్యంగా తెలిసింది.

కార్తీక మాసం, ఆదివారం. ద్వారక నుంచి లోధీ గార్డెన్‌కు వనభోజనం. మెట్రో స్కానర్ బెల్టు మీద సంచి హాయిగా వెల్లకిలా పడుకుని అవతల తేలింది. జవాను వేలు తడి చూసుకుని, "యే క్యా హై?" అన్నాడు.

"సాంబార్."

"సీధా రఖియే" అన్నాడు. శాస్త్రమంతా రెండు ముక్కల్లో తేల్చేశాడు మహానుభావుడు.

ఉసిరిచెట్టు దొరక్క వేపచెట్టు కింద కూర్చున్నాం. పులిహోర డబ్బా మూత రాలేదు. పొగలు కక్కుతుండగానే మూత బిగించానాయె. ఆవిరి చల్లారి నీరై, లోపల ఒత్తిడి తగ్గి, బయటి గాలి మూతను అదిమిపట్టింది. నాలుగు రెక్కలూ విప్పినా కదలదు. బావగారు స్కూటరు తాళంచెవి అంచులో దూర్చి పెళ్లగిస్తే, భుస్సుమని ఊడింది.

అత్తయ్య నా వైపు తిరిగి, "విన్నావా, తేన్చింది" అంది.