నల్లకళ్లకు నూకలు చెల్లాయట!

మొత్తానికి నల్లకళ్లకు విముక్తి దొరికింది. రీల్స్ నిండా ఒకటే ప్రకటన: కంట్లో పొద్దున రెండు చుక్కలు, రాత్రి రెండు చుక్కలు, సంక్రాంతికల్లా నీలికళ్లు. మొహాల్ని తెల్లబరిచే పని అయిపోయింది కాబోలు, ఇప్పుడు కళ్లమీద పడ్డారు. పిల్లికళ్ల పిల్లంటే పెళ్లిచూపుల్లో వెనకాముందాడిన జాతి మనది. ఆ పిల్లికళ్లే ఇప్పుడు సీసాలో దొరుకుతున్నాయి, డిస్కౌంటుతో.

ఈ చుక్కల శాస్త్రం చదివితే ముచ్చటేసింది. కనుపాప చుట్టూ ఉండే రంగు వలయం ఐరిస్. అందులో ఉన్న మెలనిన్ అనే రంగుపదార్థాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తాయట. ఆ రంగును చేసే కణాలు మెలనోసైట్లు. చర్మంలోని మెలనోసైట్లు చేసిన రంగును పక్క కణాలకు పంచిపెడతాయి. ఆ కణాలు పైకొచ్చి రాలిపోతాయి. మే నెలలో కమిలిన చెయ్యి మళ్లీ తేరుకునేది అందుకే. ఐరిస్‌లోని మెలనోసైట్లు మాత్రం పరమ పిసినార్లు. చేసిన రంగంతా తమ దగ్గరే దాచుకుంటాయి. ఎండకు నల్లబడవు, నీడకు తేలవు. నీలికళ్లవాళ్లకూ ఈ కణాలు ఇంచుమించు మనకున్నన్నే ఉంటాయి, వాటిలో రంగు తక్కువ, అంతే. అసలు నీలమనే రంగుపదార్థమే కంట్లో లేదు. వెలుగు చెదిరి అలా కనిపిస్తుంది. ఐరిస్ వెనకపొరైతే నీలికళ్ల దొరసానికీ నల్లగానే ఉంటుంది!

పోనీ, చుక్కలతో కంటిరంగు మారదా అంటే, భేషుగ్గా మారుతుంది. గ్లకోమాకు వేసే లాటనోప్రోస్ట్ ఉంది కదా, 1996లో అమెరికాలో అనుమతి పొందిన మందు. అది మెలనోసైట్ల చేత ఇంకా ఎక్కువ రంగు చేయిస్తుంది. గోధుమ కలిసిన ఆకుపచ్చ కళ్లు కొందరికి నెలల్లోనే నిఖార్సైన గోధుమరంగుకు తిరుగుతాయి. మందు మానేసినా ఆ రంగు వెనక్కి పోదు. అంటే డాక్టర్లకు బాగా తెలిసిన చుక్కలు దొరల కళ్లను మన కళ్లలా చేస్తాయి. ఈ ముక్క ఏ రీల్లోనూ చెప్పరేం?

మరి ప్రకటనల్లో చూపించే వాడకముందు, వాడాక ఫొటోల సంగతో? మొహం మీద లైటు గుప్పిస్తే కనుపాప ముడుచుకుంటుంది, ఐరిస్ పరుచుకుని తేటగా కనిపిస్తుంది. దానికి సీసా ఎందుకు, బల్బు చాలు.

నీలికళ్ల కోసం కంట్లో తేనె వేసుకునేవాళ్లకో దండం. నిద్రలో ఆడియో వింటే కళ్లు నీలమవుతాయన్నవాళ్లకు రెండు.

సరే, ఆ సీసాలో నిజంగానే పనిచేసేదేదో పోశారనుకుందాం. అప్పుడు ఇంకా భయం. ఐరిస్ నుంచి ఊడిన రంగు ఆవిరైపోదు. కంట్లో నీరు బయటికి పోయే సన్నని దారుల్లో పేరుకుంటుంది, లోపల ఒత్తిడి పెంచుతుంది. పిగ్మెంటరీ గ్లకోమా వచ్చేది ఇలాగే. గ్లకోమాలో పోయిన చూపు తిరిగి రాదు. లేజరుతో ఐరిస్ రంగు చెరిపేస్తామన్నవాళ్లను కంటి డాక్టర్లు అడిగిందీ ఈ సంగతే. కంట్లో రంగు ఇంప్లాంట్లు పెట్టించుకుని గ్లకోమా, శుక్లాలు తెచ్చుకున్నవాళ్లున్నారు. అమెరికన్ అకాడమీ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ 2024లో వాటి మీదా, ఈ చుక్కల మీదా హెచ్చరించింది. ఎవడు విన్నాడు?

ఇక కంటి ముందుండే పారదర్శకమైన పొర కార్నియాకు పొడిచే పచ్చబొట్టు సంగతి తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. కంట్లో పువ్వు పడి తెల్లబడ్డవాళ్లు నలుగురిలో తలెత్తుకు తిరగడానికి పుట్టిన వైద్యం అది. ప్రాచీన గ్రీకు వైద్యుడు గేలెన్ కాలం నాటిది. దాన్ని పట్టుకొచ్చి నిక్షేపంలాంటి కళ్లలో లేజరుతో సొరంగం తొలిచి, రంగు నింపి, వేల డాలర్లు గుంజుతున్నారు. దానంగా వచ్చే కార్నియా కోసం జనం ఎదురుచూస్తూ కూర్చున్న దేశమిది. ఇక్కడి ఇంటర్ పిల్లల ఫోన్లలోకి ఈ వీడియోలు తోస్తున్నవాళ్లకు సిగ్గుండొద్దూ?

మన దేశంలో ఏ మందు సీసా మీదైనా తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, గడువు తేదీ ఉండాలి. నేను చూసిన ప్రకటనలో సీసా మీద ఉన్నదల్లా నీలికన్ను బొమ్మ. అదీ ఒక్క కన్నే.